తొట్టి మామయ్య నత్తల దండు

రండి, దగ్గరగా జరగండి. వెనకున్న అమ్మా, ఆ కుర్చీ ఇలా లాక్కోండి. నా గొంతు పెద్దదే గానీ కథ చిన్నది. దేవుడు ప్రతి ప్రాణికీ ఒక్క నోరే ఇచ్చాడంటారు. తొట్టి మామయ్యకు మాత్రం తినడానికొకటి, కోతలు కొయ్యడానికొకటి, రెండిచ్చాడు.

ఆయన పళ్ళ డాక్టరమ్మకు సొంత మేనమామ. ఆఫీసుల్లోనూ క్లినిక్కుల్లోనూ ఉప్పునీటి చేపల తొట్లు బాగుచెయ్యడం ఆయన పని. ఆ మధ్యాహ్నం మేనకోడలి క్లినిక్కులో అడుగుపెట్టేసరికి ఆయన చేతిలో నీళ్ళ సంచి, సంచిలో అరవై నత్తలు. కౌంటరు దగ్గర కూర్చునే డాక్టరమ్మ మరదలు, అంటే తమ్ముడి భార్య, ఆ సంచి చూసి గతుక్కుమంది.

ఎందుకంటారా? అక్కడి తొట్టి బాగోగులు చూసేది ఆవిడే. లోపల బతికున్న పగడాలు. రాళ్ళ మీద జుట్టులా నాచు పెరిగి వాటిని కమ్మేస్తోంది. పోయిన నెల మామయ్య ముప్ఫై నత్తల్ని వదిలాడు. వారం తిరక్కుండా అద్దం మీది నాచు మాయం. ఆ తర్వాత రోజు విడిచి రోజు ఒక ఖాళీ గుల్ల. నిన్నటికి పదకొండు ఏరింది. రాళ్ళ మీది జుట్టు మాత్రం ఇంకా ఒత్తుగా అయింది. ఇప్పుడీ అరవై కూడా పడితే నత్తలూ దక్కవు, పగడాలూ దక్కవు. కానీ అత్తింటి పెద్దాయన, ఏమని వద్దంటుంది? పైగా లోపల్నుంచి వదిన "మామయ్య చెప్పినట్టు చెయ్యవే" అని కేకేసింది.

మామయ్య సంచిని ముడి విప్పకుండానే తొట్టి నీళ్ళ మీద తేలేలా వదిలాడు. "అరగంట ఇలా ఉండాలి. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికొచ్చాకే ముడి విప్పాలి" అని చెప్పి సోఫాలో చేరగిలబడ్డాడు. చేతిలో అరగంట, ఎదురుగా బుగ్గ వాచిన పెద్దాయన, ఎక్స్‌రే తీసే అతను. ఇంకేం కావాలి?

"ఇదీ ఒక తొట్టేనా అండీ? ఒకసారి ఒక వకీలు గారి ఆఫీసులో తొట్టికి నాచు పట్టి, లోపల చేపలున్నాయో లేవో ఆయనకే తెలీదు. ఐదంటే ఐదే నత్తల్ని వదిలాను. తెల్లారేసరికి అద్దం తళతళ! ఎంత తళతళంటే, అద్దం లేదనుకుని చేపను పలకరించబోయి నుదురు బొప్పి కట్టించుకున్నారు వకీలు గారు."

"ఐదే?" అన్నాడు ఎక్స్‌రే అతను.

"నిజం చెప్పాలంటే నాలుగే. ఒకటి నీరసంగా ఉందని పడుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా పేరు విని ఒక పెద్ద హోటలు వాళ్ళు పిలిచారు. మూడంతస్తుల ఎత్తు తొట్టి! మూడొందల నత్తల్ని వరసలో నిలబెట్టి ఈల వేశాను. ఒక ఈలకు ఎడమకు, రెండు ఈలలకు కుడికి. మధ్యాహ్నానికల్లా తొట్టి పని అవగొట్టి, మెట్లు దిగి, గోడలకున్న ఆకుపచ్చ రంగు నాకేశాయి. తర్వాత కిటికీ తెరలు. ఆ తర్వాత మేనేజరు గారి పచ్చ చొక్కా."

"ఒంటి మీదుండగానే?"

"ఆయన ఫోన్లో ఉన్నాడు, గమనించలేదు."

బుగ్గ వాచినాయన నవ్వబోయి, నొప్పికి బుగ్గ పట్టుకుని "నన్ను నవ్వించకయ్యా, నీకు పుణ్యముంటుంది" అని మూలిగాడు. మామయ్య మొహంలో ఒక్క నరం కదిలితే ఒట్టు.

మరదలు గడియారం చూసింది. ఇంకో పది నిమిషాలు.

"నవ్వులాట కాదండీ. అవి వీధిలో పడ్డాయి. కూడలిలో స్తంభమెక్కి సిగ్నల్లో పచ్చ దీపం తినేశాయి. రెండు రోజులు బళ్ళు ఎక్కడివక్కడే! మూడో రోజు సముద్రంలో దిగాయి. ఓడల అడుగున నాచంతా గీకేసరికి, బరువు తగ్గి ఓడలు తాటిచెట్టంత పైకి లేచాయి. నిచ్చెనలు అందక సరంగులు నెల రోజులు పైనే కాపురం. చివరికి నేనెళ్ళి ఈల వేస్తే, బుద్ధిగా వచ్చి నా లారీ ఎక్కాయి."

"అన్నీ వచ్చాయా?"

"ఒకటి రాలేదు. అక్కడే సంబంధం కుదిరింది."

అరగంట అయింది. మామయ్య లేచి సంచి ముడి మీద చెయ్యి వేశాడు. మరదలు కౌంటరు దాటి గబగబా వచ్చి, ఆ చేతికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"మామయ్యా, ఒక్క మాట. ఊళ్ళో పచ్చదనమంతా నాకేశాక, అవతలి రోజు అవి ఏం తిన్నాయి?"

మామయ్య ముడి మీంచి చెయ్యి తియ్యకుండానే అన్నాడు:

"దేవుడున్నాడమ్మాయ్. నారు పోసినవాడు నీరు పోయడా?"

"పోస్తాడు మామయ్యా. కానీ ఈ తొట్టిలో నారు పోసింది మీరూ నేనూ కదా!" అంటూ పదకొండు గుల్లలూ తెచ్చి ఆయన అరచేతిలో పోసింది. "ఇవి అద్దం గీకగలవు గానీ ఆ జుట్టు నాచు కొరకలేవు. అద్దం మీద అయిపోయాక పస్తులుండి చచ్చాయి. చచ్చినవి కుళ్ళి మళ్ళీ ఆ నాచుకే ఎరువయ్యాయి. ఈ అరవై కూడా అంతే."

"అయితే ఓడల్ని లేపావు గానీ, లేపినవాళ్ళకి పూటకింత తిండి చూడలేదన్నమాట," అన్నాడు బుగ్గ వాచినాయన. ఈసారి ఆయన నవ్వలేదు.

మామయ్య గుల్లల్ని ఒక్కొక్కటిగా తిరగేసి చూశాడు. ఇన్నేళ్ళూ నత్తల్ని వదలడం ఆయన వంతు, గుల్లలు ఏరడం ఇంకెవరి వంతో. సంచిని నీళ్ళలోంచి తీసి, తడి తుడిచి, పక్కన పెట్టాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"వీటిని నేను కొన్న దుకాణం తొట్టికే తీసుకుపోతాను, అక్కడ తిండుంది. ఇక్కడ మిగిలినవాటిలోనూ ఓ పది ఉంచి తక్కినవి పట్టుకుపోతాను. నువ్వెళ్ళి మీ వదిన్నడిగి కొత్త పళ్ళ బ్రష్షొకటి పట్రా. రాళ్ళు బయటికి తీసి తోముదాం. చేపల మేత కూడా తగ్గించాలి, తినగా మిగిలింది నాచుకే పోతోంది."

"ఆ పట్టుకుపోయేవాటికి ఓ ఈల వెయ్యకూడదూ మామయ్యా? వాటంతటవే వచ్చి సంచిలో కూర్చుంటాయి!" అన్నాడు ఎక్స్‌రే అతను.

"ఈల ఇంట్లో మరిచొచ్చాను," అన్నాడు మామయ్య, మొహం తొట్టి వైపునుంచి తిప్పకుండా.

అమ్మల్లారా, అయ్యల్లారా, ఓడలు లేచిన సంగతి మీరు మరిచిపోయినా దేవుడేమీ అనుకోడు. ఒక ఇల్లాలు అత్తింటి పెద్దాయన చేతికి చెయ్యి అడ్డం పెట్టి, నోరులేని జీవాల తరఫున "అవతలి రోజు ఏం తింటాయి?" అని అడిగింది చూడండి, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్ళి మీవాళ్ళకి కూడా చెప్పండి.