పాడె తిరిగేంత వాకిలి

ఒక్క గ్లాసుడు మంచినీళ్ళకి కూడా నోచుకోలేదా నేను? సరేలెండి, ఇవ్వకండి. బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి, ఈ ఎండలో మూడు మైళ్ళు నడిచి కొండాపూర్ వచ్చినదాన్ని. ఇంకో గంట గొంతెండితే చచ్చిపోనులెండి!

చాట కింద పెట్టనక్కర్లేదు, భాగ్యమ్మ గారూ. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూనే వినండి. మీరు నా మొహం చూడరని తెలిసే వచ్చాను. చెవులైతే మూసుకోలేరుగా!

మీ ఆయన సాయిలు గారు నిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర చెప్పారు. "ఇంటెనక జాగ అమ్మనీకి నాకేం ఇబ్బంది లేదమ్మా, మా ఇంటామెనే ఒప్పుకుంటలేదు. ఎవ్వలకన్న ఇయ్యి గని రాజేశ్వరమ్మకు మాత్రం ఇయ్యకు అంటున్నది" అని. పాపం, చెప్పలేక చెప్పలేక చెప్పారు.

నాకు కోపం రాలేదండీ. ఊళ్ళో అందరికీ అమ్మే జాగా నాకెందుకమ్మరో నాకు తెలీదా? తెలుసు. తెలియనట్టు నటించడానికి రాలేదు. కాళ్ళు పట్టుకోవడానికీ రాలేదు. ఆ జాగా అడగడానికొచ్చాను. ఇప్పించుకునే తీరతాను.

అబ్బే, వేరే ఇళ్ళు దొరక్క కాదు! మావారు పోయి పది నెలలైంది. ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం నాకిచ్చారు, టైమాఫీసులో కూర్చుని హాజరు వేస్తున్నాను. చందానగర్లో లింగమూర్తి గారి ఇల్లు ఖాళీ చేస్తానని ఒక్క మాటన్నాను. అంతే, మా చుట్టాలందరికీ నా కొంప మీదే ధ్యాస.

మా బావగారు, మావారి అన్నగారు విశ్వేశ్వరరావు గారు, నన్ను నారాయణగూడ లాక్కెళ్ళారు. అక్కడ నాలుగంతస్తుల మేడ కడుతున్నారు. ఫ్లాట్లట! ఒకరి నెత్తిన ఒకరు కాపురాలు. కుళాయి తిప్పితే నీళ్ళు, మీట నొక్కితే పంకా. "ఆడదానివి, ఎదిగిన పిల్ల ఉంది, ఇంతకంటే భద్రం ఏముంది రాజ్యం?" అన్నారు.

మూడో అంతస్తు దాకా ఎక్కాను. మెట్ల మలుపు దగ్గర ఆగాను. మేస్త్రీని పిలిచి అడిగాను, "బాబూ, ఈ మలుపులో పాడె తిరుగుతుందా?" అని.

మేస్త్రీ చేతిలో టేపు జారి కింద పడింది. బావగారు "శివ శివా" అని చెవులు మూసుకున్నారు. మేస్త్రీ మంచివాడు, నిజం చెప్పాడు. "తిరగదమ్మా. నిలబెట్టి దింపాలె" అన్నాడు.

నిలబెట్టి! బీరువాని దింపినట్టు! బతికున్నన్నాళ్ళూ నిలబడే చాకిరీ చేశాం, పోయాక కూడా నిలబడాలా? నాకీ ఫ్లాటు వద్దని మెట్లు దిగి వచ్చేశాను.

తరవాత ఫ్యాక్టరీ క్వార్టర్సు. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు. ఇక్కడ ఎవరైనా పోతే ఏమిటి సంగతి అని అడిగాను. ఆయన రూల్సు పుస్తకం తిరగేసి, ఉద్యోగంలో ఉండగా పోతే ఇంటివాళ్ళకి మూణ్ణెల్లు గడువుందన్నాడు. రిటైరైతే నెల లోపల తాళం ఇచ్చెయ్యాలట. అంటే ఏమిటండీ? యాభై ఎనిమిదేళ్ళు నిండేలోపు చచ్చిపోతే క్వార్టరు, ఆ పైన బతికితే రోడ్డు. బాగానే ఉంది బేరం!

ఇక అద్దె వాటాలు. చందానగర్లోనే ఏడు ఇళ్ళు తిరిగాను. బొట్టు లేని మనిషిని గుమ్మంలో చూడగానే సగం మంది మొహం ముడిచారు. ఒకావిడ మాత్రం కూర్చోబెట్టి, గోడకి మేకులు కొట్టకూడదు, రోట్లో పప్పు రుబ్బకూడదు, చుట్టాలొస్తే రెండు రోజులే అని చిట్టా చదివింది. అన్నిటికీ తలూపి, "మరి మా ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని లోపలికి రానిస్తారా?" అన్నాను. "శుభమా అని ఇల్లడగడానికొచ్చి ఏం మాటలమ్మా ఇవి!" అని తలుపు వేసేసుకుంది.

నాకు మతి పోయిందని చందానగరంతా చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీండి.

అదిగో, చెయ్యి ఆగింది. వింటున్నారన్నమాట.

ఎందుకీ పిచ్చి ప్రశ్న అని మీరడగరు. మీకు తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియకపోయినా మీకు తెలుసు.

మీ అత్తగారు బుచ్చమ్మ గారు పోయిన రోజు గుర్తుందా అని అడిగితే చెప్పుతో కొడతారు. రెండేళ్ళ కిందట, ఆషాఢం, మీరూ మేమూ లింగమూర్తి గారి వాటాల్లో ఉన్నప్పుడు. దవాఖానలో పోయారు. సాయంత్రం నాలుగింటికి వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. నాలుగు వాటాల వాళ్ళమూ బయటికొచ్చాం. నేను పంచాంగం పట్టుకునొచ్చాను. నేనే!

ఇవాళ శతభిషం, ధనిష్ఠా పంచకం నడుస్తోంది, శవం లోపలికొస్తే నాలుగు వాటాలూ ఆరు నెలలు పాడుపెట్టాలి అని లింగమూర్తి గారికి చెప్పాను. ఆయనకి పంచాంగం తెలీదు, పైగా నాలుగు వాటాల అద్దె మీద బతికే మనిషి. భయపడిపోయి గేటు వేసేశారు.

మీరు గేటు చువ్వలు పట్టుకుని అన్నారు, "వదినా, జల్లు పడ్తున్నది. జర లోపటికి రానియ్యమని చెప్పరాదూ, గింతసేపే" అని. అప్పుడు నన్ను వదినా అనేవారు. నేను పంచాంగం చంకలో పెట్టుకుని నూతి దగ్గరికెళ్ళిపోయాను.

బయట వేపచెట్టు కింద చీరలు అడ్డం పట్టి ఆవిడకి స్నానం చేయించారు. నీళ్ళు కూడా ఎదురుగుండా చాయ్ హోటలు నుంచి బకెట్లతో మోసుకొచ్చారు. మా నుయ్యి నిండా నీళ్ళుండగా!

అందుకే ఇవాళ నాకు నీళ్ళివ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

ఇప్పుడు మీకు తెలియనిది చెప్తాను.

మా నాన్నగారు ఊరందరికీ పంచాంగం చూసేవారు. నాకు పదేళ్ళప్పుడే ఇవన్నీ నోటికొచ్చు. ఆ దోషం ప్రాణం పోయిన ఇంటికి, భాగ్యమ్మ గారూ. ప్రాణం వేరేచోట పోతే ఇంటికేమీ లేదు. బుచ్చమ్మ గారి ప్రాణం దవాఖానలో పోయింది. పట్టుకుంటే దవాఖానకి పట్టుకోవాలి దోషం! అది నాకు ఆ రోజూ తెలుసు. తెలిసే చెప్పాను.

ఎందుకంటారా? మర్నాడు మా మామగారి తద్దినం. నూతి పక్కన శవం ఉంటే మడి నీళ్ళు ఎలా అని. అంతే! ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది, చెప్పుకోడానికైనా. లేదు. నాలుగు బిందెల నీళ్ళ కోసం.

లేవకండి. ఇంకా అవలేదు. తిట్టాలంటే మొత్తం విన్నాక తిట్టండి.

మీరు నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి ఈ ఊరొచ్చేశారు. ఆ తరవాత ఏడాదికి మావారికి గుండెనొప్పొచ్చింది. ఆయన కూడా దవాఖానలోనే పోయారు. అక్కడి వరండాలో బావగారు అడిగారు, "ఇంటికి తీసుకెళ్దామా రాజ్యం? పద్మ తండ్రిని చూడాలి కదా" అని.

"వద్దండీ. ఇంటివాళ్ళు ఒప్పుకోరు" అన్నాను.

ఆయన పళ్ళు కొరికి, అట్నుంచటే శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. ఆడవాళ్ళు రాకూడదని నన్ను రిక్షా ఎక్కించి ఇంటికి పంపారు.

సందు మలుపు తిరిగేసరికి చూశాను. గేటు రెండు తలుపులూ బార్లా తీసున్నాయి. వాకిట్లో నీళ్ళు చల్లి, చాప పరిచి, లింగమూర్తి గారు తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడ్డారు. పక్కన మా పద్మావతి గేటు పట్టుకుని నించుంది. రిక్షాలో నేనొక్కదాన్నే దిగాను.

"నాన్నేడమ్మా?" అంది.



లింగమూర్తి గారు ఏనాడూ వద్దనలేదు. నేను అడగలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. మీ అత్తగారికి గేటు వేయించిన నోటితో, మా ఆయనకి తియ్యండని ఎలా అడుగుతాను? అడిగితే, ఆ రోజు నువ్వేమన్నావమ్మా అంటారని భయం. ఆ భయంతో కన్నకూతురికి తండ్రి కడసారి చూపు లేకుండా చేశాను.

పదో రోజున బావగారు వీధిలో నిలబడి లింగమూర్తి గారిని నానా మాటలూ అన్నారు. కసాయివాడన్నారు. ఆయన నా వైపు తిరిగారు. "కామేశ్వరరావు సారు నా ఇంట్ల ఏడేండ్లు ఉన్నడు, నేనట్ల చేస్తనా అమ్మా?" అని నన్ను మాత్రం అడిగారు. నేను తల దించుకున్నాను. ఇప్పటికీ చుట్టాలంతా ఆయన్నే తిడుతున్నారు. పద్మ ఆయనతో మాట్లాడటమే మానేసింది. రోజూ ఆ గేటు లోంచే రావాలి నేను, ఆ గేటు లోంచే పోవాలి. ఇంక నావల్ల కాదు.

పద్మకి చెప్పలేదు. చెప్తాను. మొదట మీకు చెప్పాలనొచ్చాను.

అయితే ఈ జాగానే ఎందుకని కదూ మీ చూపు? మా బావగారూ అదే గోల. "అక్కడ నక్కలు తప్ప మనుషులుండరు. గచ్చిబౌలి వైపు యూనివర్సిటీ పెడుతున్నారట గానీ, కొండాపూరుకి ఎవరొస్తారు? పైగా దారి లేని స్థలం కొంటారా ఎవరైనా!" అని. మీ ఊరి వీరేశం గారు కొత్తగూడ దారిలో రెండు వైపులా బాట ఉన్న స్థలం చూపించారు. చదునుగా ఉంది, పక్కనే నుయ్యి. వద్దన్నాను.

ఇక్కడి సంగతి మీకు తెలుసు. ముందు మీ ఇల్లు, వెనక జాగా, అటుపక్కంతా బండరాళ్ళు. నేనక్కడ ఇల్లు కట్టుకుంటే మీ వాకిట్లోంచే రావాలి, మీ వాకిట్లోంచే పోవాలి. నాకు అదే కావాలి.

రెండు గదులు వేస్తాను, నుయ్యి తవ్విస్తాను, ఒక వాటా అద్దెకిస్తాను. అందులో ఎవరు పోయినా, ఏ కులం వాళ్ళు పోయినా, ఏ నక్షత్రంలో పోయినా, నా నూతి నీళ్ళతోనే స్నానం. గుమ్మం ఎంత వెడల్పుండాలో వడ్రంగికి ఇప్పుడే చెప్పేశాను. అది నా ఇంటి సంగతి.

మీ వాకిలి మీది. ఏదో ఒకరోజు నా పాడె వచ్చి మీ గేటు ముందు ఆగుతుంది. మా పద్మ చువ్వలు పట్టుకుని మిమ్మల్ని అడుగుతుంది. అప్పుడు తీస్తారో, వేస్తారో మీ ఇష్టం. వేసినా మా పద్మ మిమ్మల్ని ఒక్క మాట అనకుండా దానికి ఇవన్నీ చెప్పే పోతాను.

క్షమించమని అడగనండీ. జాగా ఇమ్మని అడుగుతున్నాను. ఆలోచించుకోండి, వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను. ఒప్పుకోకపోతే ఆ పై ఆదివారం కూడా వస్తాను.

అరే, ఎందుకు లేచారు? ఆ చెంబెందుకు? వద్దు వద్దు, కుండ మీద మూత తియ్యకండి. ఇవాళ మీ చేతి నీళ్ళు తాగానంటే నాకు తేలిగ్గా తీరిపోయినట్టుంటుంది. అంత తేలిగ్గా తీరకూడదు.

నేను తాగుతాలెండి. చందానగర్లో మీకు నీళ్ళిచ్చిన ఆ చాయ్ హోటలు ఇంకా ఉంది.