కొండ మెట్ల మీద సూది మాట

ఇట్లా దగ్గరికి జరగండమ్మా, తిరుత్తణి కొండ మెట్ల మీద విన్న మాటలు చెప్తాను. మెట్టు మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడతా ఒక అవ్వ ఎక్కుతా ఉంది. పక్కన, మద్రాసులో రక్తాన్ని పరిశోధించే మనవరాలు. పోయిన ఏడు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి చావు దాకా పోయొచ్చినా, అది మళ్ళీ రాకుండా వేసే సూది మాత్రం వద్దంటా ఉంది అవ్వ.

“వయసు పిల్లోళ్ళకు వెయ్యి పాపా. ఈ ముసలి రక్తం ఇంకేం నేర్చుకుంటాది?”

“రక్తంలో కాపలా కాసే టి-కణాలు ఉంటాయవ్వా. వాటి లోపలి రాత, అదే డీఎన్ఏ, నువ్వు పుట్టినప్పటిదే. ఆ రాత మీద నీ బొట్ల మాదిరి గుర్తులుంటాయి. యాడ చదవాల, యాడ చదవకూడదు అని కణానికి అవే చెప్తాయి.”

“మరి ముసలితనం యాడుండాది?”

“ఆ గుర్తుల్లోనే. వయసైతే కొన్ని చెరిగిపోతాయి, కొన్ని పడకూడని చోట పడతాయి. కొత్త రోగాన్ని కనిపెట్టేది ఆలస్యమవుతాది.”

“నేను చెప్పిందీ అదే గదా. సూది దండగ.”

“ఆలస్యమన్నాను, నేర్చుకోవనలేదు. అవ్వా, కింద ఒక మెట్టుకు బొట్టు పెట్టలేదు చూడు.”

అవ్వ మోకాళ్ళు పట్టుకుని రెండు మెట్లు దిగి, పెట్టొచ్చింది.

“ఇంత ఆలస్యంగా పెడితే సామి ఒప్పుకుంటాడా?” అనింది మనవరాలు.

“ఆలస్యమైతే ఏమే? పెట్టేసినా గదా.”

అనేసి, తన మాట తనకే తగిలి అవ్వ పక్కున నవ్వింది.

“సరే పద. దర్శనమైనాక నేరుగా ఆస్పత్రికే. ఎడమ చేతికి వెయ్యమను, కుడి చేత్తో నీకు వడలు కాల్చాల.”

మీ ఇండ్లల్లో సూది వద్దనే ముసలోళ్ళకు, ‘ఆలస్యమైతే ఏమే’ అన్న ఈ అవ్వ మాట గుర్తుపెట్టుకుని చెప్పండమ్మా.