వచ్చే వారం పాఠం

అది కాదు నాయనా, మెదడు సంగతి చెప్పొద్దని నేనెప్పుడన్నాను? శుభ్రంగా చెప్పు. మత్తు మాన్పించే చోట మెదడు గురించి కాక మరి దేని గురించి చెప్తావు? నేనంటున్నది నీ పాఠాల వరుస గురించి. మేనమామను గనక అంటున్నాను. పరాయివాణ్ణయితే భేషని భుజం తట్టి పోయేవాణ్ణి.

నీకు ముందు అక్కడ పాఠం చెప్పినాయన కథ తెలుసా? తెలియదూ? అయితే కూర్చో. సగం నాకు అక్కడి వార్డెను చెప్పాడు. ఆయనకు ఊహాశక్తి బొత్తిగా లేదు కాబట్టి నమ్మవచ్చు. మిగతా సగం ఓ దర్జీ భార్య చెప్పింది, కంటి ఆస్పత్రి వరండాలో, ఇద్దరం కళ్లలో చుక్కలు వేయించుకుని ఒకరికొకరం కనబడకుండా కూర్చున్నప్పుడు.

ఆయన్ని అందరూ మెదడు మాస్టారనేవారు. ప్లాస్టిక్ మెదడొకటి సంచీలో వేసుకొచ్చి, ముక్కలుగా విడదీసి చూపేవాడు. తిరిగి అమర్చడం మాత్రం ఆయనకూ సరిగా వచ్చేది కాదట. ఎప్పుడూ ఒక ముక్క మిగిలిపోయేది.

వినేవాళ్లలో ముందు వరస దర్జీది. అక్కడ చేరడం అతనికి కొత్త కాదు. ఈసారి మధ్యలో బయటికొచ్చావంటే ఇంటి తలుపు తియ్యనని భార్య చెప్పి మరీ చేర్పించింది. అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు. అందుకే చెవులు రిక్కించి వినేవాడు. పక్కన బస్సు కండక్టరొకడు, వినకుండానే తలూపేవాడు.

ఆ రోజు పాఠం, తాగాలనే కోరిక ఎలా పుడుతుందని. మాస్టారు చెప్పి ఊరుకోవచ్చుగా? ఊహూఁ. సంచీలోంచి సోడా సీసా తీసి మూత లాగాడు. బుస్సుమంది. గ్లాసులో వంచాడు. దర్జీ గుటక వేశాడు.

"చూశారా? మీరింకా అనుకోనే లేదు. మీ మెదడు అప్పుడే గ్లాసు కడిగి పెట్టేసింది" అన్నాడు మాస్టారు.

అద్భుతమైన పాఠం, నేను కాదనను. వార్డెను కూడా చప్పట్లు కొట్టాడట. భోజనాల వేళకి చూస్తే దర్జీ లేడు, కండక్టరూ లేడు. గేటు దగ్గర కాపలావాడు ఆపితే, మాస్టారు ప్రాక్టికల్సుకి పంపారని కండక్టరు చెప్పాడు. వాడు నమ్మాడు. ఎందుకు నమ్మడు? కిటికీలోంచి ఆ పాఠం వాడూ విన్నాడు కదా.

కండక్టరు తిన్నగా బ్రాందీ దుకాణంలోకి పోయాడు. దర్జీ మాత్రం గుమ్మం ముందు ఆగిపోయాడు. ముందుకు కాలు పడదు, వెనక్కీ పడదు. ఒకపక్క నోరూరుతోంది, ఒకపక్క ఇంటి తలుపు గుర్తొస్తోంది. సరిగ్గా అప్పుడే, అతన్ని చూడ్డానికని బస్సు దిగిందా ఇల్లాలు.

"ఇది నేను కాదే, నా మెదడు" అన్నాడు. నేర్చుకున్నదంతా ఒక్క ముక్కలో.

"అయితే దాన్నిక్కడే ఉంచి నువ్వు రా" అందావిడ.

అతను ఏడ్చాడు. కాళ్లు రావడం లేదు, లాక్కుపొమ్మన్నాడు. ఆవిడ చొక్కా కాలరు పట్టుకుని వీధంతా నడిపించుకొచ్చి మాస్టారి ముందు నిలబెట్టింది. కోరిక ఎలా పుడుతుందో బాగానే చెప్పారు గానీ, పుట్టాక ఏం చెయ్యాలో ఎప్పుడు చెప్తారని అడిగింది.

మాస్టారు పాఠాల పట్టిక తిరగేశాడు. "అది వచ్చే వారం పాఠమమ్మా."

నవ్వకు. నీ పట్టికలోనూ అంతే ఉంది.

తరవాతా? కండక్టరు మళ్లీ రాలేదు. దుకాణంలో కూర్చుని మెదడు గురించి చెప్తుంటాడట, వినేవాళ్లకు లోటు లేదు. మాస్టారికి ఆ సోడా పాఠంతోనే పేరొచ్చింది. ఎక్కడికో పెద్ద ఉద్యోగానికి పిలిచారు. పోయిందల్లా కాపలావాడి ఉద్యోగం. ఆవిడ తలుపు తీసింది, తాళంచెవి మాత్రం తన దగ్గరే పెట్టుకుంది.

దర్జీ మానేశాడా అంటావు. ఏమో. మొన్న నాకు ప్యాంటు కుట్టిచ్చాడు. ఒక కాలు అంగుళం పొట్టి. తాగి కుట్టాడో, మానేసిన వణుకులో కుట్టాడో అడగలేదు. వేసుకు తిరుగుతున్నాను.