అల్యూమినియానికి బొట్టు పెట్టిన భిక్షపతి గారు

హలో, అందరికీ నమస్కారం! మాట వినబడుతున్నదా? ఒక్క నిమిషం మిషన్ల చప్పుడు ఆపి వినండి. 1996 జూన్ 10న మన సిద్దిపేట వర్క్‌షాపులో వెల్డరుగా చేరిన శ్రీ భిక్షపతి గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

చిన్నకోడూరు నుంచి సైకిలు మీద వచ్చిపోతూ, ఇరవై ఏళ్లకు పైగా ట్రాక్టరు ట్రాలీలకు ఇనుము అతికిన చేతులు వారివి. తర్వాత యజమాని ప్రభాకర్ గారు బ్యాటరీ ఆటోలకు తేలికైన సీటు ఫ్రేములు మొదలుపెట్టినప్పుడు, పాత గిన్నెలు, సామాను కరిగించి తీసిన అల్యూమినియమే వాడదామని పట్టుబట్టింది కూడా వారే. అది ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కారిపోతుంది. ఆ పనికి చేయి తిరిగేసరికి ఏడాది పట్టింది.

మొదటి పెద్ద ఆర్డరు దసరాకు వచ్చింది. ఆయుధపూజ నాడు భిక్షపతి గారు భక్తికొద్దీ మిషన్లతో పాటు అతుకు కడ్డీలకూ, కోసిపెట్టిన గొట్టాలకూ నూనెలో కలిపిన కుంకుమతో బొట్లు పెట్టారు. పండుగ తెల్లారి వేసిన అతుకుల నిండా సూది చిల్లులు! బరువు పెట్టి చూస్తే ఫ్రేములు విరిగాయి.

"చూసినవా భిక్షపతీ, నీ పాత గిన్నెల సంగతి! రేపటి సంది కొత్త సరుకే తెప్పిస్త. గిది బంద్," అన్నారు ప్రభాకర్ గారు.

ఆ మాట నిలిస్తే, పాత సామాను ఏరి శుభ్రం చేసే యాదవ్వ పని పోయినట్టే. భిక్షపతి గారు విరిగిన ముక్కను వెలుతురులో తిప్పి చూశారు. అతుకు పక్కన ఎర్రటి మరక. అదే సరుకులో బొట్టు తగలని గొట్టం, కడ్డీ తీసి, బ్రష్షుతో గీకి అతికారు. విరగలేదు.

"సార్, తప్పు సరుకుది గాదు, నాది. జిడ్డు తగిల్తె ఇది ఓర్వదు. బొట్లు నేనే పెట్టిన."

"అయితే ఇప్పుడు అమ్మవారి మీద కేసు పెట్టాల్నా?" అని ప్రభాకర్ గారు నవ్వేశారు. సరుకు ఆగలేదు, యాదవ్వ పనీ ఆగలేదు. అప్పటి నుంచి మన దగ్గర దసరా బొట్టు షెడ్డు గుమ్మానికే.

మొన్న మన వర్క్‌షాపు పత్రిక ఈ సంచిక కోసం ఫొటో దిగుతుంటే యాదవ్వ కుంకుమ పళ్లెంతో వచ్చింది.

"ఇన్నేండ్లు కడ్డీలకు పెట్టనియ్యకపోతివి. ఇయ్యాల నీకే పెడుత, నొసలు ఇటు పెట్టన్నా."

"నూనె కలిపినవా?"

"కలిపిన. నువ్వేమన్న అల్యూమినియమా, చిల్లులు పడనీకి?"

భిక్షపతి గారు నవ్వుతూ నొసలు ముందుకు వంచారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

భిక్షపతి గారు, వారి శ్రీమతి అంజవ్వ గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు సుఖంగా ఉండాలని మనందరి కోరిక. ఈ ముచ్చటను అల్యూమినియం పట్టే ప్రతి చేతికీ చేరవేయండి, కాస్త దసరాకు ముందే.