ఆకు దూసిన మల్లె

ఏమంటివి మమతా? ఎండాకాలం మొదట్లో బాల్కనీ నిండా పూసే చెట్లు చెప్పమంటావా? నన్నడిగితే ఇంగ అంతే, పొద్దు గూకేదాకా చెప్తానే ఉంటాను. ఆ కుర్చీ కొంచెం ఇట్లా జరుపు, ఎండ కండ్లల్లో పడతా ఉండాది. ఆఁ. కాగితం పూలు పెట్టుకో, నీళ్ళు మర్చిపోయినా అలగదు. కనకాంబరం పెట్టుకో. సంపెంగ మాత్రం వద్దు, అది మానైపోతాది, మీ అపార్ట్‌మెంటు సెక్రెటరీ కొట్లాటకొస్తాడు. కింద రోడ్డు మీద గులాబీ రంగు చెట్లు పూస్తాయి చూడు, మీ హెచ్‌ఎస్‌ఆర్ కాలనీ పిల్లోళ్ళంతా ఫోన్లెత్తుకొని నిలబడతారే, వాటికి సోకే గాని వాసన యాడుండాది? ఎన్ని పెట్టుకున్నా మల్లె తర్వాతేనమ్మా. అదో, ఆ మూల కుండీలో ఉండాదే, పోయిన వారం నేను ఫోన్లో చెప్పినట్టు ఆకులన్నీ దూసి బోడిగా నిలబెట్టినావు. మంచి పని జేస్తివి. నీళ్ళు పొయ్యలేదు గదా? ఒట్టు? సరే. కణుపుల్లో మొగ్గ కండ్లబడేదాకా చుక్క పొయ్యొద్దు. మీ ఆయన అభిషేక్‌కు చెప్పినావా? పొద్దున్నే నీళ్ళ బాటిల్ చేతబట్టుకొని ఆఫీసోళ్ళతో ఫోన్లో మాట్లాడుకుంటా ఈడే అటూ ఇటూ తిరగతా ఉంటాడు పాపం. ఏమో, దేవుడితో గూడా అంత సేపు మాట్లాడరు.

ఈ విద్య నాది గాదులే. మీ జయమ్మవ్వది. మా వదిన. నువ్వు పుట్టకముందే పోయినాది, ఫొటోలో చూసింటావు, ఫొటో తీసేవాణ్ణి గూడా గదమాయిస్తా ఉన్నట్టు ఉంటాది మూతి. మన కాటన్‌పేట ఇంటి మిద్దె మీద పగిలిన గంగాళంలో గుండుమల్లె పెట్టింది. ఇదీ ఆ చెట్టు కొమ్మే, మీ అమ్మ తెచ్చి నాటింది. మా వదిన పుట్టిల్లు మదనపల్లె పక్కన. ఆడ తోటోళ్ళు చలికాలం ఆఖర్లో మల్లెకు ఆకంతా దూసేసి, నీళ్ళు మానేసి ఎండగడతారు. అట్లా చేస్తే ఉగాదికి విరగబూస్తాది. మీ నారాయణప్ప తాతకు, అదే మా అన్నకు, ఇది గిట్టేది గాదు. మా అన్నది దూదంగడి, మనసూ దూదే. అంగడి ముందర ఎద్దు నిలబడితే ముందు దానికి గడ్డి, ఆమీద బేరం. ‘ఏమే జయా, పచ్చటి చెట్టుకు గుండు గొట్టి పస్తు పెడతివే, పాపం తగలదా?’ అనేవాడు. ‘నువ్వు గమ్మున అంగడికి పో. దీనికి చుక్క నీళ్ళు పోస్తివా, ఆ పొద్దు నీకూ పస్తే!’ అనేది ఈమె. ‘నాకెందుకు తల్లీ’ అని దండం పెట్టి దిగొచ్చేవాడు.

అంత చేసినా ఉగాదికి ఏముండేది? ఆకులు. గంగాళం నిండా నవనవలాడతా ఆకులు. మట్టి మంచిది గాదనింది, మార్చింది. ఎరువమ్మినోణ్ణి తిట్టింది, పావురాల్ని తిట్టింది. ఆఖరికి ఎదురింటి పుట్టతాయమ్మ దిష్టి అనింది. ఆ పుట్టతాయమ్మ ఇంట్లో ఎవరూ పట్టించుకోని మల్లె, గోడంతా పూసేది! పండగ పొద్దు ఆకులో దండ చుట్టుకొని వచ్చేది, సగం కన్నడం సగం తెలుగు. ‘ఏన్ జయమ్మా, మీ మల్లె గిడ ఈ తూరి గూడా పూ పెట్టలేదా? అయ్యో పాపం, తగో, తీసుకో’ అని. మా వదిన నవ్వతా తీసుకొని, ఆమె అటు పోంగానే అమ్మవారి పటానికేసేది. ‘నా చెట్టు పూసినప్పుడే నా తల్లోకి పూలు’ అనేది. పంతం. మాకు నవ్వులాట గానీ, ఆమెకు గాదు. పండగ పొద్దు ఖాళీ తట్టతో మిద్దె దిగేటప్పుడు కంట్లో నీళ్ళు నేనే చూసినా.

ఒక చలికాలం మా అన్న పోయినాడు. అంగట్లో కూర్చున్నోడు కూర్చున్నట్టే. మా వదిన అప్పటికే ఆకు దూసేసిందంట, ఆమీద ఎవరికి గుర్తుంటాది చెట్టు? ఉగాది ముందర వడియాలు ఎండబెట్టేదానికి మిద్దెక్కింది. ‘మరిదీ!’ అని ఒకటే కేక. పడిపోయిందేమోనని పరిగెత్తితి. చెట్టు కనపడలా తల్లీ, పూలే! ఆమె పూలను చూడలా. పిట్టగోడ మీద మా అన్న రాగి చెంబు బోర్లించి ఉండాది, దాన్ని చూస్తా ఉండాది. పొద్దున్నే స్నానం జేసి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు గదా, ఆ నీళ్ళు తొక్కగూడదని చెట్టు మొదట్లో వదుల్తారు. మా మిద్దె మీద ఉండే చెట్టు ఏది? అదొక్కటే! ఆయన పోయినాకే దానికి నీళ్ళు ఆగినాయి. ‘ఓరి దొంగ మొగుడా! చెట్టుకు గాదు, సూర్యుడికి పోస్తి అని మనసుకు సర్దిచెప్పుకునింటాడు మరిదీ’ అని నవ్వింది. నవ్వి నవ్వి, అట్లే కింద కూర్చొని ఏడ్చింది. నాకేం చెయ్యాలో తెలీక చెంబు తుడిచినా.

ఆ కాలంలో మొగుడు పోయినామె పూలు పెట్టుకుంటే ఊరుకుంటారా? ఈమె కోసింది, కట్టింది. ఒక మూర మా అన్న ఫొటోకేసి, ‘తీసుకో, ఇన్నేండ్లు చెడగొట్టినందుకు’ అనింది. మిగిలింది తల్లో పెట్టుకొని, వీధి దాటి పుట్టతాయమ్మ గడప ముందర నిలబడింది. ఆమె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండాది. ‘ఏం చూస్తావు? మొగుడిచ్చిన పూలు గావివి. ఆయన చెడగొట్టంగా నేను పెంచినవి’ అనింది వదిన. పుట్టతాయమ్మ జారిన దండ సరిజేసి పంపించింది, అంతే.

సరేలే, ఆ కుండీ ఇట్లా జరుపు, కణుపులు చూస్తాను. ఊఁ... మమతా, మట్టి తడిగా ఉండాదే? నువ్వు పొయ్యలేదంటివే. వాన గూడా లేదు. లోపల గూడా తడే... వద్దు వద్దు, ఆ పిల్లోణ్ణి పిలవొద్దు. ఏమీ అడగొద్దు. పొయ్యనీ. ఈ ఏడు పూయకపోతే పోనీలే తల్లీ, మార్కెట్లో రెండు మూరలు తెచ్చుకుందువు. కాఫీ ఇస్తానంటివే, ఏమాయె? చక్కెర తక్కువెయ్యి.