డాక్టరమ్మ చెప్పిన నడక

మట్టెవాడలో ఒక ఇరుకు సందు. జంపఖానాలు నేసే వెంకట్రాజం, కమల ఆ సందులోనే ఉంటారు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు, డిగ్రీ చదువుతున్న వాసంతి, కిందటి వానాకాలం డెంగీ జ్వరంతో పోయింది. ఈమధ్య తెల్లవారుతూనే భర్తను నడకకు లేపడం కమలకు ఒక పనైంది.

"ఇగ లే."

"జరాగు."

"జరాగు జరాగు అనుకుంటనే నిన్న ఎండెక్కింది. లేచి గీ నీళ్లు తాగు."

"గోరువెచ్చటియి నాకు పోవే. కడుపుల తిప్పుతది."

"గోరువెచ్చటియే తాగాలె. డాక్టరమ్మ చెప్పింది."

"ఆమెకేంది, చెప్తది. పొద్దంత మగ్గం తొక్కుతాన. అది నడక కాదా?"

"కాదట. ఎండ తాకాలె, బయటి గాలి తాకాలె, నలుగురి మొఖాలు కనవడాలె. నీ బీపీ సంగతి నీకు సమజైతలేదు."

"రేపు పోదాం తియ్."

"రేపు లేదు, ఎల్లుండి లేదు. చెప్పులేసుకో."

ఇద్దరూ సందు దాటి రోడ్డు మీదికి వచ్చారు.

"చేతులు ఊపుకుంట నడువు."

"ఊపుతాన. నువ్వు రాత్రి పండుకున్నవా?"

"పండుకోకేం."

"నాకు మెలకువ వచ్చినప్పుడల్లా కూసునే ఉంటివి."

"నీ గురకకు ఎవలు పండుకుంటరు?"

"తిన్నవా మరి?"

"తిన్న."

"ఏం తిన్నవ్?"

"నా తిండి సంగతి నీకెందుకు? మాట్లాడుకుంట నడిస్తే ఆయాసమొస్తది. ఊకుండు."

"సరే. గీ సందుల మలుగుదాం, దగ్గరైతది."

"అటొద్దు."

"కాలేజీ బస్సుకు ఇంక మస్తు టైముంది కమలా. ఆడ పిల్లలెవ్వరు ఉండరు."

"వద్దంటి గద."

"సరే, సరే. సక్కగనే పోదాం."

కమల కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏడిస్తే ఏడ్వు. ఎవలు చూస్తలేరు."

"నేనెందుకు ఏడుస్త? కంట్ల దుమ్ము పడ్డది."

"జర గీ అరుగు మీద కూసో."

"కూసుంటే అది నడకెట్లయితది? డాక్టరమ్మ..."

"ఆ డాక్టరమ్మ నా మొఖమే చూడలే కమలా. ఆమె చూసింది నిన్ను."

"ఎవలన్నరు?"

"పక్కింటి మొగిలక్క. నిన్ను దవాఖానకు తోల్కపోయిన దినమే వచ్చి చెప్పింది."

"ఏమని చెప్పింది?"

"పొద్దుగాల కండ్లు తెరవబుద్ధి అయితలేదన్నవట. తెరిచి ఏం చెయ్యాలె అన్నవట."

"మొగిలక్క నోట్ల మాట ఆగది."

"నడక, నీళ్లు, యాళ్లకు తిండి, యాళ్లకు నిద్ర. అన్నీ నీకే చెప్పిందట. నువ్వొచ్చి నా మీదేస్తివి."

"ఏం చెయ్యమంటవ్? కండ్లు మూసుకున్నంతసేపు పిల్ల ఇంట్లనే ఉన్నట్టుంటది. తెరిస్తే ఉండది. నాకోసమని లేద్దామంటే కాళ్లు రాకపాయె. నీ పానం కోసమని అనుకుంటే కదిలినయి."

"నాకెర్కే."

"ఎర్కుండి గిన్నొద్దులు ఊకున్నవా? మరి దినాం పొద్దుగాల నన్నెందుకు సతాయించుడు? ఒక్కనాడన్న నీ అంతట నువ్వు లేవకపోతివి. నీళ్లకు పేచీ, చెప్పులకు పేచీ. బతిలాడి బతిలాడి నా నోరు పోతాంది."

"నేను నీకంటె ముందుగాలనే లేస్తాన కమలా. నువ్వు లేచొచ్చి పిలిచేదాక కండ్లు మూసుకొని పండుకుంటాన. నేను లేచి కూసున్ననంటె, నువ్వు ఎవల కోసం లేస్తవ్?"