పిడకల మేడలో పురుడు

గురవమ్మ గోడకి పిడకలు కొడతా ఉందంట, మోచేతులదాకా పేడ, కొంగు నడుముకి దోపుకోని. అప్పుడొచ్చాడంట దండోరావాడు డప్పు వాయించుకుంటా. గురవమ్మంటే ఎవరో చెప్పలేదు కదూ. గచ్చకాయలపట్నంలో, రాజవీధి మలుపులో ఉండే మనిషి. పిల్లల్లేరు, మొగుడు ఎప్పుడో దేశాలు పట్టిపోయాడు. ఉన్నవల్లా రెండు గేదెలూ, ఒక గోడా. గోడంటే ఆషామాషీ గోడ కాదనుకో. పొద్దున ఎండెక్కితే మళ్ళీ దీపాలవేళకి గానీ దిగేది కాదు దానిమీంచి. ఇవాళ కొట్టిన పిడక రేపటికి గలగలమనేది. ఆ గోడే ఆమెకి పొలం, ఆ గోడే ఆమెకి మొగుడు. ఆ మాటకొస్తే ఊరంతా అంతే, ఎటు చూసినా పిడకలే. కోటగోడకి కూడా వెనకవైపు ఉండేవంట, రాణిగారికి తెలిసే. అందుకని చుట్టూ ఉన్న ఏడు దేశాల్లో ఆ ఊరి అసలుపేరు ఎవడూ పలికేవాడు కాదు, పిడకల పట్నం అనేవాళ్ళు.

ఆ ఊరి రాజు కొండమరాజుకి ఈ పేరు ముల్లులా గుచ్చుకుంటా ఉండేదంట. మరి గుచ్చుకోదా? ఉప్పుదేశం రాజుగారింట్లో పెళ్ళికి వెళ్తే, ఆ పెళ్ళిపెద్ద దగ్గరికొచ్చి, రాజా, వచ్చేటప్పుడు నాలుగు బస్తాలు తెచ్చావా, వంటకి చాలేట్టు లేవు, అన్నాడంట. అన్నం ముట్టకుండా వచ్చేశాడు పాపం. వచ్చి మంత్రిని పిలిచి, ఈ పేరు పోవాలంటే ఏం చెయ్యాలయ్యా అన్నాడు. మంత్రి చెప్పాడంట, ఏడు దేశాల బిళ్ళంగోడు పందేలు మనూళ్ళో పెట్టిద్దాం, పందేలు పెట్టిన ఊరి పేరు మారిపోద్ది ప్రభూ, నక్కలదిన్నెలో పెట్టారు, ఇప్పుడు దాన్ని నందనవనం అంటున్నారు అని. నక్కలు అట్టాగే ఉన్నాయనుకో, పేరు మాత్రం మారింది.

ఆ పందేల కోసమే ఈ దండోరా. పందేలయ్యేదాకా ఊళ్ళో ఏ గోడకీ పిడక కనపడకూడదహో, గోడలన్నిటికీ సున్నం కొట్టాలహో, అని వాడు అరుస్తా ఉంటే గురవమ్మ చెయ్యి ఆపకుండానే, "సరే నాయనా, మా గేదెలకి కూడా చెప్పిపో" అందంట. గేదెలకేం చెప్పాలమ్మా అన్నాడు వాడు. "పందేలయ్యేదాకా ఆపుకోమని" అంది.

వాడు నవ్వుకుంటా పోయాడు గానీ, మర్నాడు మంత్రే వచ్చాడు. వచ్చి కర్రతో చూపిస్తా, పందేలు జరిగే మైదానం ఇదిగో నీ ఇంటికి ఎదురుగ్గా, ఈ ఇల్లు చుట్టాల కంట పడకూడదు, ముందు పెద్ద గుడ్డ కట్టి దానిమీద మేడ గీయిస్తాం, చుట్టాలు వెళ్ళింతర్వాత ఇల్లూ గోడా పీకేసి పూలతోట వేస్తాం అన్నాడంట. మరి నేనేం కావాలయ్యా అంది గురవమ్మ. నీకు ఊరిబయట చింతతోపులో చోటిస్తాం అన్నాడు. "చింతతోపులో ఎండెక్కడిదయ్యా? నీడలో పిడక ఎండుద్దా, బూజు పడుద్ది గానీ. నేను తినేది బూజా?" అంది. ఊరి పేరు ముఖ్యమా నీ పిడకలు ముఖ్యమా అని మంత్రి గుడ్లురిమాడు. "ఊరి పేరే పిడకలు గదయ్యా" అందంట ఈమె. మంత్రి కర్ర చంకన పెట్టుకున్నాడు. ఇట్టాంటప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారు, వెళ్ళిపోతారు. వెళ్ళిపోయాడు.

సరే, గుడ్డ కట్టారు. ఎంత గుడ్డనుకున్నారు, తాటిచెట్టంత ఎత్తు వెదురుగడలు పాతి కట్టారు. దానిమీద రెండంతస్తుల మేడ, స్తంభాలు, చిలకలు, ఒక కిటికీ. ఎదురుగా నిలబడితే నిజం మేడే. కాకపోతే గాలేస్తే మేడ కడుపు ఉబ్బేది, గాలాగితే లోపలికి పోయేది, ఆయాసం వచ్చిన మనిషిలాగా. వెనక గురవమ్మకి గాలీ లేదు, వీధీ లేదు. రెండ్రోజులు చూసి, కొడవలి తీసుకోని నిచ్చెనెక్కి కిటికీ గీసినచోట కిటికీ కోసేసిందంట.

ఇక్కడ ఏమైందంటే, గోడలకి సున్నం కొట్టారు గానీ గేదెలు వాటి పని అవి మానలేదు కదా. ఊళ్ళో పేడ పెరిగిపోతా ఉంది. పక్కింటి నాంచారమ్మ గంప నెత్తిన పెట్టుకోని దొడ్డిదారిన వచ్చి, "వదినా, ఈ గంప దించే చోటు లేదే ఊళ్ళో. మీ అన్నయ్య మంచం కింద పెట్టుకోమంటన్నాడు" అంది. గురవమ్మ గంపని చూసింది, గుడ్డ వీపుని చూసింది. గోడకీ గుడ్డకీ నడుమ సందు, నడిమధ్యాహ్నం ఎండ నిలువునా దిగుతా ఉంది. "గోడలకి కొట్టొద్దన్నారు గానీ గుడ్డకి వద్దన్నారా?" అంది. "అనలేదే" అంది నాంచారమ్మ. ఇంకేం, ఇద్దరూ కొంగులు దోపుకున్నారు. మీలో పిడకలు కొట్టినవాళ్ళెవరైనా ఉంటే తెలుస్తది, ఒకళ్ళు మొదలుపెడితే చెయ్యి ఊరుకోదు. సాయంత్రానికి వీధి ఆడవాళ్ళంతా దొడ్డిదారినే వచ్చారంట. వారం తిరిగేసరికి ఆ గుడ్డ వెనక పిడకమీద పిడక, పిడకమీద పిడక, మేడకి గోడొచ్చేసింది. గాలేసినా కదల్లేదు. మంత్రి వీధిలోంచి చూసి, అబ్బ, బొమ్మ గీసినవాడెవడో గానీ గట్టివాడు, అనుకున్నాడంట.

పందేలకి ఏడు దేశాల రాజులూ దిగారు, రాణులతో సహా. ఉప్పుదేశం రాజున్నాడే, ఆయనకి ప్రతిదీ తట్టి చూసే అలవాటు, కొబ్బరికాయ కొన్నట్టు. మేడ దగ్గరికొచ్చి ఒకటి తట్టాడు. దిమ్ అంది. ఇటుకా రాయా అన్నాడు. మా దేశపు మట్టి ప్రభూ అన్నాడు మంత్రి. ఏదో వాసనొస్తందే అన్నాడు. మూలికలు కలిపాం అన్నాడు మంత్రి. అయితే మేం ఈ మేడలోనే దిగుతాం, మీరిచ్చిన విడిదిలో దోమలు పీక్కు తింటన్నాయి అన్నాడంట ఆయన. ఇహ చూడండి మంత్రి మొహం. ఇల్లు ఖాళీ లేదంటే ఖాళీ చేయించమంటాడు, జబ్బంటే వైద్యుణ్ణి పంపిస్తాడు. నోటికేదొస్తే అది అనేశాడు. "పురుడు ప్రభూ. ఇంటావిడ మొన్ననే ప్రసవించింది. మైల." ఆ మాట వినేసరికి ఉప్పుదేశం రాజు తట్టిన చెయ్యి దూరంగా పెట్టుకోని నీళ్ళు తెమ్మన్నాడంట.

అబద్ధం అక్కడితో ఆగిందా? పందేలవేళ పెద్దింట్లో బిడ్డ పుట్టిందంట, ఎంత శుభమో అనుకున్నారు రాణులు. బాలింతకి నెయ్యి, కాయం, వెల్లుల్లికారం, పాత బియ్యం, ఒకటేమిటి, అన్నీ కర్రకి కట్టి కిటికీలోంచి లోపలికి అందించేవాళ్ళు. గురవమ్మ తీసుకోని తినేది. ఎవరు పంపారు, ఎందుకు పంపారు అని అడగలా. కిటికీలోంచి వచ్చిన నెయ్యికి ఊరూ పేరూ ఎందుకు?

ఇహ ఆఖరి ఆట. కొండమరాజు జట్టుకీ ఉప్పుదేశం జట్టుకీ. ఉప్పుదేశం ఆటగాడు కర్ర ఎత్తి బిళ్ళని ఒక్కటి కొట్టాడంట. అది ఆకాశానికి లేచి, జనం మీదుగా పోయి, సరిగ్గా మేడ కిటికీలోంచి లోపలికి దూరింది. దూరి నాంచారమ్మ పేడగంపలో పడింది. ఆమె చూసుకోలా. ముద్దతో పాటు తీసి గుడ్డకి చరిచి కొట్టేసింది. బయట పెద్ద గొడవ. బిళ్ళ పడ్డచోటు నుంచి కర్రతో కొలిస్తేగానీ లెక్క తేలదు, మైల ఇంట్లోకి కొలవడానికి ఎవడు పోతాడు? కొలవకపోతే మేమే గెలిచినట్టు అన్నాడు ఉప్పుదేశం రాజు. బిళ్ళ చూపించకపోతే మీరు ఓడినట్టు అన్నాడు కొండమరాజు. చివరికి కొలతవాడు, పురుడు వెళ్ళేదాకా ఆగి, స్నానాలయ్యాక లోపలికెళ్ళి కొలుస్తానన్నాడు. రాణులు, అయితే బిడ్డని చూసి బారసాల భోంచేసి మరీ వెళ్తాం అన్నారు.

అదీ సంగతి. ఏడు దేశాల రాజులు, వాళ్ళ ఏనుగులు, వంటవాళ్ళు, వంటవాళ్ళ బామ్మర్దులు, అందరూ కూచోని తింటన్నారు. గాదెలు అడుగంటినయ్యి. కొండమరాజు మంత్రిని పిలిచి, "నువ్వేగా ఆ బిడ్డని కన్నది, నువ్వే తీసుకురా" అన్నాడంట.

మంత్రి దొడ్డిదారిన గురవమ్మ దగ్గరికొచ్చాడు. అమ్మా, ఈ మేడలో పురుడని నేనే అనేశా, ఇప్పుడు నువ్వే బాలింతరాలివి కావాలి అన్నాడు. గురవమ్మ చేతిలో నేతిగిన్నె పక్కన పెట్టింది. "అదా సంగతి. నేనింకా ఊరికే మర్యాద చేస్తన్నారనుకున్నా" అంది. నీకు పట్టుచీర పెడతాం అన్నాడు. "చీర కట్టుకోని చింతతోపులో కూచోనా? నా గోడ నాకుండాలి. పీకనని రాజుగారొచ్చి నా చేతిలో చెయ్యేసి చెప్పాలి. నీ మాట నాకొద్దు, నువ్వు మొన్ననేగా కన్నావు." పాపం రాజుగారు గొంగళి కప్పుకోని దొడ్డిదారిన వచ్చాడంట. గురవమ్మ అప్పుడే పిడకలు కొడతా ఉంది, చెయ్యి చాపింది. రాజు ఆ చేతి వంక చూశాడు. కడుక్కుంటదేమో అని నిలబడ్డాడు. ఆమె కడుక్కోలా. బయట ఉప్పుదేశం వంటవాళ్ళు ఇంకో గాదె తాళం అడుగుతా ఉన్నారు. చెయ్యేశాడు. "నేను బతికున్నంత కాలం" అంది ఆమె. "నువ్వు బతికున్నంత కాలం" అన్నాడు ఈయన.

బాలింత దొరికింది గానీ బిడ్డేది? ఊళ్ళో ఏ తల్లీ బిడ్డనివ్వలా. ఒకరి కళ్ళు తగిలితేనే బిడ్డ పాలు తాగదే, ఏడు దేశాల దిష్టి తగిలితే బతుకుద్దా అన్నారు. న్యాయమే కదా. అప్పుడు నాంచారమ్మ అందంట, వదినా, నీ గేదె ఈనింది గదా అని. నవ్వకండే, జరిగింది చెప్తున్నా. దూడకి నీళ్ళు పోసి, సాంబ్రాణి పట్టి, పొత్తిళ్ళలో చుట్టారు. నల్లటి బుగ్గమీద కాటుకచుక్క పెడితే ఏం కనపడుద్ది? సున్నంతో పెట్టారు.

బారసాల రోజు కింద రాజులూ రాణులూ, పైన కిటికీలో, నిచ్చెనమీద నిలబడి గురవమ్మ, చంకలో బిడ్డ. బిడ్డ నోరు తెరిచి అరిచింది. గొంతు చూడండి, రాజ్యమేలే గొంతు, అన్నాడు ఉప్పుదేశం రాజు. చెవులే కాస్త పెద్దయ్యేమో అంది ఒక రాణి. "తండ్రి పోలిక" అంది గురవమ్మ. తండ్రేడమ్మా అంటే, "ఓడలమీద పోయాడు" అంది. ఇక్కడిదాకా మంత్రి నేర్పిన మాటలే. ఆ తర్వాత రాణి, నీకెన్నేళ్ళమ్మా అని అడిగింది. ఇది నేర్పలా. గురవమ్మ ఉన్నమాట చెప్పేసింది. "అరవై ఎప్పుడో దాటినయ్యమ్మా."

అంతే. రాణులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆమె జుట్టు చూశారు, పండిపోయింది. మళ్ళీ బిడ్డని చూశారు. ఏం తిన్నావమ్మా, ఏ మందు తాగావు అని మెల్లిగా అడిగారు. "మందేముందమ్మా, ఈ ఊరి నీళ్ళే. పొద్దున్నే లేచి పేడెత్తడం, పిడకలు కొట్టడం" అంది. ఇంక బిళ్ళ మాట ఎవరికి గుర్తుంటది? కొలతవాడొక్కడే నియమం తప్పనివాడు, దొడ్డిదారిన లోపలికొచ్చాడు. మేడ లేదు, పిడకలున్నాయి. ఆయనకీ పెళ్ళై చాలాకాలం అయిందంట, పిల్లల్లేరు. బిళ్ళ దొరకలేదని చెప్పి, గుడ్డమీంచి ఒక పిడక పీక్కోని పైపంచెలో చుట్టుకోని పోయాడు. ఆ పిడకలో ఏముందో మీకూ నాకూ తెలుసు, ఆయనకి తెలీదు. ఆట ఎవరు గెలిచారంటారా, ఉప్పుదేశంలో ఉప్పుదేశం గెలిచింది, ఇక్కడ ఇక్కడివాళ్ళు గెలిచారు.

ఇహ పేరు సంగతి. మారింది, మారకేం. పిడకల పట్నం అని ఇప్పుడెవరూ అనరు, కాన్పుల పట్నం అంటారు. ఏడు దేశాల నుంచీ బండ్లు కట్టుకోని వస్తారంట, ఈ ఊరి నీళ్ళు తాగి, గురవమ్మ గోడకి దణ్ణం పెట్టి, పిడకొకటి తీసుకోని పోతారు. ఒక గోడ ఎక్కడ చాలుద్ది? గోడలమీద సున్నం గీకించి, అందరూ పిడకలు కొట్టాలహో అని మళ్ళీ దండోరా వేయించారు. కోటకి ఇప్పుడు ముందువైపు కూడా కొడతన్నారు. కొండమరాజు ఏ దేశం వెళ్ళినా ఆడవాళ్ళు వరస కట్టి, నాడి చూడు రాజా అని చెయ్యి చాపుతారంట. మొదట్లో కోప్పడేవాడు. ఇప్పుడు చూస్తన్నాడు.

గురవమ్మ గోడ జోలికి ఎవరూ రాలేదు. పూలతోట మాటెత్తితే ఊరే తంతది. కాకపోతే పిడక కొట్టేటప్పుడు చుట్టూ జనం నిలబడి చూస్తారు, అదొక్కటే ఆమెకి చిరాకు. ఎవరో ఒకళ్ళు అడుగుతారు కూడా, బాబు ఎట్టా ఉన్నాడమ్మా అని. "మేతకెళ్ళాడు" అంటది.

అంతా నిజమేనా అని నన్నడక్కండి. మా ఆడబిడ్డ తోడికోడలు ఒకామె బండి కట్టించుకోని వెళ్ళొచ్చింది. కాన్పు సంగతి దేవుడెరుగు గానీ, పిడక మాత్రం బాగా మండిందని చెప్పింది.